పేపర్ల కోసం పెళ్లి: ఈ లైన్ మీద సినిమా కథ ఎలా రాయాలి

"ముక్కూ మొహం తెలియని ఇద్దరు గ్రీన్ కార్డ్ కోసం పెళ్లి చేసుకుంటారు, చివరికి నిజంగానే ప్రేమలో పడతారు." లైన్ ఇలా చెప్పగానే ఎదుటివాళ్లు బాగుంది అంటారు. నిజంగానే బాగుంటుంది కూడా, అందుకే చాలామంది ఇంకేమీ ఆలోచించకుండా నేరుగా సీన్లు రాయడానికి కూర్చుంటారు. నలభయ్యో పేజీ దగ్గర కథ ఆగిపోతుంది. నాకూ అక్కడే ఆగింది. పెళ్లి సీన్ అయిపోయింది, ఒకే ఇంట్లో సర్దుకోలేక ఇద్దరూ పడే గొడవలు అయిపోయాయి, ప్రేమ కూడా వచ్చేసింది, ఇక మిగిలింది ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ పట్టుకుంటాడా లేదా అన్న ఒక్క ప్రశ్నే. దానికోసం ప్రేక్షకుడు రెండు గంటలు ఎందుకు కూర్చోవాలి? ఆ డ్రాఫ్టు పక్కన పెట్టేసి, అసలు చట్టం ఏమంటుందో చదవడం మొదలుపెట్టాక గానీ నా కథలో లేనిదేంటో నాకు తెలియలేదు. ఈ కథ రాయాలనుకునేవాళ్లకు నేను చెప్పే మొదటి పని కూడా అదే.

ముందు ఒక దేశం, ఒక సంవత్సరం ఎంచుకోండి

ఊరికే "విదేశం" అని రాసుకుంటే కుదరదు. ఒక్కో దేశానికి ఒక్కో రూల్, అదే దేశంలో కూడా ఆ రూల్ ఎప్పుడూ ఒకేలా ఉండదు. కెనడాలో కొత్తగా ఒక్కటైన చాలా జంటలకు రెండేళ్లు కలిసి ఉంటేనే శాశ్వత నివాసం నిలుస్తుందన్న షరతు 2012లో పెట్టారు, 2017లో తీసేశారు. బ్రిటన్‌లో 2014 చట్టంతో పెళ్లికి ముందు ఇచ్చే నోటీసు గడువును 28 రోజులు చేశారు, అనుమానం వస్తే 70 రోజుల దాకా ఆపి విచారించొచ్చు. అంటే మీ కథ 2015లో టొరంటోలో జరిగితే ఒక సినిమా, 2019లో జరిగితే పూర్తిగా ఇంకో సినిమా. మొదటిదాంట్లో ఇద్దరికీ ఒక గడువు ఉంటుంది, రెండోదాంట్లో ఆ గడువే లేదు, టెన్షన్ ఇంకెక్కడి నుంచైనా తెచ్చుకోవాలి.

నేను అమెరికా ఎంచుకున్నాను, కాబట్టి ఇక్కడి నుంచి ఉదాహరణలన్నీ అక్కడివే. అక్కడ పౌరుల భర్తకో భార్యకో ఏడాదికి ఇన్నే వీసాలు అన్న పరిమితి లేదు, అందుకే మిగతా దారుల్లో ఏళ్ల తరబడి క్యూలో ఉన్నవాడికి ఈ దారి అంత దగ్గరగా కనిపిస్తుంది. ఆ దగ్గరితనాన్ని అడ్డుకోవడానికే 1986లో ఇమ్మిగ్రేషన్ పెళ్లి మోసాల మీద ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. కార్డు ఇచ్చే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే, వచ్చేది రెండేళ్ల షరతు కార్డు. అది ముగిసే ముందు 90 రోజుల్లో ఆ షరతు తీసేయమని ఇద్దరూ కలిసి సంతకాలు పెట్టి ఐ-751 అనే ఫారం పంపాలి. దొరికిపోతే ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా.

ఇవన్నీ చదివి చాలామంది జైలు దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే అది పెద్ద శిక్షలా కనబడుతుంది. నన్ను కదిలించింది ఇంకోటి. ఒకసారి ఇమ్మిగ్రేషన్ కోసమే పెళ్లి చేసుకున్నారని తేలితే, ఆ మనిషి కోసం ఆ తర్వాత ఏ భార్య, ఏ భర్త పెట్టిన పిటిషన్‌నూ ఆమోదించరు. పదేళ్ల తర్వాత నిజంగా ప్రేమించి, పిల్లల్ని కని, ఇంకొకరితో కాపురం చేస్తున్నా సరే. ఒక్క సంతకం ఇంకా కలవని మనిషితో ఉండబోయే కాపురానికి కూడా అడ్డం పడుతుంది. ఈ ఒక్క రూల్‌లోనే ఇంకో సినిమా ఉంది, కావాలంటే మీరు తీసుకోండి.

కథకు వెన్నెముక ఇక్కడ దొరికింది

1975లో బార్క్ కేసులో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఒక విషయం తేల్చి చెప్పింది. పెళ్లి నాటకమా కాదా అని చూడాలంటే, పెళ్లి చేసుకునే సమయానికి ఆ ఇద్దరికీ కలిసి బతకాలన్న ఉద్దేశం ఉందా అన్నది చూడాలి. ఆ తర్వాత విడిపోయారన్నది, గొడవ పడ్డారన్నది ఆ రోజు ఉద్దేశానికి సాక్ష్యంగా పనికొస్తాయేమో గానీ, వాటంతట అవే పెళ్లిని నాటకం చేసేయవు. ఆ కేసులో ఇది విడిపోయిన జంటకు పనికొచ్చింది.

ఇప్పుడు దీన్నే తిరగేసి మీ కథ మీద పెట్టి చూడండి. మీ కథలోని ఇద్దరికీ పెళ్లి రోజున ఆ ఉద్దేశం లేదు. రెండు వందల రోజుల తర్వాత వచ్చింది. అడిగేవాళ్లు మాత్రం ఇవాళ ప్రేమ ఉందా అని అడగరు, ఆ రోజు ఉందా అని అడుగుతారు. "మేం ఒకరినొకరు ప్రేమించుకుంటున్నాం" అన్నది నిజమే, దానివల్ల ఉపయోగం లేదు. ఉపయోగపడే జవాబు కావాలంటే మొదటి రోజు గురించి మళ్లీ అబద్ధం చెప్పాలి. ప్రేమ లేనప్పుడు అబద్ధం చెప్పడం వాళ్లకు తేలికే, ఎందుకంటే అది ఒప్పందంలో భాగం. ప్రేమ వచ్చాక అదే అబద్ధం గొంతు దాటి రాదు. నా నలభయ్యో పేజీ సమస్య ఇక్కడ తీరింది. ఆఫీసర్ పట్టుకుంటాడా అన్న ప్రశ్న పక్కకు వెళ్లి, వీళ్లు ఒకరి ఎదురుగా ఒకరు ఆ మొదటి రోజు గురించి ఏం చెప్పుకుంటారు అన్న ప్రశ్న ముందుకొచ్చింది.

మీరు వేరే దేశం ఎంచుకుంటే అక్కడ చట్టం ఏం అడుగుతుందో వెతికి పట్టుకోండి. ఏ రోజు గురించి అడుగుతుంది, ఎవరిని అడుగుతుంది, ఎన్నిసార్లు అడుగుతుంది. ఈ మూడూ తెలిస్తే మీ వన్‌లైన్ ఆర్డర్, అంటే సీన్ల వరస, సగం తయారైనట్టే.

ఇద్దరికీ అవసరం ఉండాలి

ఒకరికి కార్డు, ఇంకొకరికి డబ్బు. ఇది నిజ జీవితంలో జరుగుతుంది, సినిమాలో మాత్రం త్వరగా ఎండిపోతుంది, ఎందుకంటే డబ్బు చేతికొచ్చాక రెండో మనిషికి ఇంట్లో ఉండాల్సిన పని లేదు. ఆ మనిషి రోజూ ఆ ఇంటికి ఎందుకు రావాలో మీరు కనిపెట్టాలి. 1990లో పీటర్ వీర్ తీసిన 'గ్రీన్ కార్డ్' సినిమాలో అమ్మాయికి కావాల్సింది అద్దాల తోట ఉన్న ఒక అపార్ట్‌మెంట్, పెళ్లయినవాళ్లకే ఇస్తామంటారు. వినడానికి చిన్న కారణమే. కానీ ఆ ఇల్లు పోగొట్టుకోకూడదు కాబట్టి ఆ అబద్ధాన్ని ఆమె మోస్తూనే ఉండాలి.

నా రెండో డ్రాఫ్టులో అమ్మాయి పౌరురాలు, అబ్బాయి వీసా గడువు దగ్గర పడినవాడు. చనిపోయిన అన్న కూతుర్ని తన దగ్గర ఉంచుకోవాలని ఆమె ఆరాటం, స్థిరమైన ఇల్లు ఉందని చూపిస్తే కోర్టులో మేలని ఆమె నమ్మకం. ఇలా రాసుకోగానే ఇంటికి ఇద్దరు తనిఖీ మనుషులు వచ్చారు, ఒకరు ఇమ్మిగ్రేషన్ నుంచి, ఒకరు పాప కోసం. ఒకే ఇల్లు, ఒకే జంట, రెండు ఆఫీసులు. ఇద్దరికీ అబద్ధం అవసరమే కాబట్టి ఎవరూ ఎవరినీ "నీకోసమే చేస్తున్నాను" అని దెప్పలేరు, ఆ మాట అనలేకపోవడం వల్ల వాళ్ల గొడవలకు వేరే మాటలు వెతకాల్సి వచ్చింది, డైలాగులు బాగుపడ్డాయి.

డబ్బు కోసమే చేసే పెళ్లి ఎప్పుడూ నీచమనో, మంచి ఉద్దేశంతో చేసేది ఎప్పుడూ గొప్పదనో ముందే తీర్పు రాసేసుకోకండి. 1935లో కవి డబ్ల్యూ. హెచ్. ఆడెన్, రచయిత థామస్ మన్ కూతురు ఎరికా మన్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె నాజీలకు వ్యతిరేకంగా రాసి, ఆడి, పాడి, జర్మనీ వదిలి వచ్చిన మనిషి, ఆమెకు బ్రిటిష్ పాస్‌పోర్ట్ కావాలి. అంతకుముందు ఆమె మొహం కూడా చూడకుండానే ఆడెన్ ఒప్పుకున్నాడు. కలిసి కాపురం చేయలేదు, విడాకులూ తీసుకోలేదు, 1969లో ఆమె చనిపోయేదాకా కాగితం మీద భార్యాభర్తలే. దీన్ని మోసం అందామా, సాయం అందామా? మీ కథలో కూడా ఈ ప్రశ్న ప్రేక్షకుడి నోట్లో మిగలాలి.

ఆ పక్కనే ఇంకో కేసు కూడా చదవండి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, సైన్యంలో పనిచేసినవాళ్ల భార్యల్ని, భర్తల్ని సులభంగా అమెరికా రానివ్వడానికి 1945లో ఒక చట్టం వచ్చింది. ఐరోపాలో శరణార్థులుగా మిగిలిన తమవాళ్లను రప్పించుకోవడానికి కొందరు పారిస్‌లో పెళ్లిళ్లు చేసుకున్నారు. 1953లో లట్వాక్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు వాళ్ల శిక్షల్ని ఖాయం చేసింది. అందులో ఒక సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు: మామూలుగా భార్యాభర్తలు ఒకరి మీద ఒకరు సాక్ష్యం చెప్పకుండా ఒక రక్షణ ఉంటుంది, కలిసి బతకాలన్న ఉద్దేశమే లేని పెళ్లికి ఆ రక్షణ వర్తించదని కోర్టు అంది. అంటే ఆ పెళ్లి ఎదుటి మనిషిని కాపాడదు, పట్టివ్వడానికి మాత్రం దారి తెరుస్తుంది. సెకండాఫ్‌లో ఎక్కడో ఒక చోట ఇది మీకు పనికొస్తుంది.

బట్టీ పట్టే సీన్

ఈ కథకు గుండెకాయ ఇదే, దీని మీద ఎంత టైమ్ పెట్టినా ఎక్కువ కాదు. అనుమానం వచ్చిన జంటల్ని విడివిడిగా కూర్చోబెట్టి అవే ప్రశ్నలు ఇద్దర్నీ అడిగి జవాబులు పోల్చి చూస్తారు. న్యూయార్క్‌లో 1976లో స్టోక్స్ అనే కేసులో కుదిరిన రాజీతో దీనికి పద్ధతి ఏర్పడింది, అందుకే లాయర్లు దీన్ని ఇప్పటికీ స్టోక్స్ ఇంటర్వ్యూ అంటారు. సినిమాల్లో ఇది ఎప్పుడూ నవ్వు కోసం వాడతారు: టూత్‌బ్రష్ రంగు తప్పు, అత్తగారి పేరు తప్పు. తప్పేం లేదు, నవ్వు కూడా కావాలి. కానీ ఒక విషయం గమనించండి. అబద్ధం కోసం బట్టీ పట్టినా, బట్టీ పట్టే వివరాలు నిజమైనవే. ఆమె నిజంగానే కిటికీ వైపు పడుకుంటుంది, అతను నిజంగానే అలారం రెండు సార్లు మోగితే గానీ లేవడు. ఏ ప్రేమ జంటా ఇంత శ్రద్ధగా ఒకరి గురించి ఒకరు నేర్చుకోదు.

నా స్క్రిప్టులో ఆ సీన్ ఇలా ఉంది. రాత్రి, వంటింట్లో బల్ల, మధ్యలో ప్రశ్నల కాగితం. ఆమె చేతిలో పెన్సిల్.

"మంచం మీద నేను ఏ వైపు?"

"కిటికీ వైపు."

"ఇంటి తాళం ఎవరు వేస్తారు?"

"మీరు. వేశాక ఒకసారి లాగి చూస్తారు."

ఆమె తలెత్తింది. ఆ ప్రశ్నకు అంత జవాబు కాగితం మీద లేదు. టిక్కు పెట్టి కిందికి వెళ్లింది.

"నా ఎడమ మోచేతి మీద మచ్చ ఎలా వచ్చింది?"

"ఎలా వచ్చింది?"

ఆమె చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది. "సైకిల్ మీంచి పడ్డాను. అలా రాసుకోండి."

అతను రాసుకున్నాడు. సైకిల్.

కొన్ని నెలల తర్వాత ఒక రాత్రి ఆమె నిజం చెబుతుంది. చిన్నప్పుడు తండ్రి తోస్తే అద్దం తలుపు మీద పడింది. ఆ సీన్‌లో మచ్చ గురించి పెద్ద మాటలేవీ రాయలేదు, అతను ఏమీ అనడు, మంచినీళ్లు తెచ్చి ఇస్తాడు అంతే. ఆ తర్వాత ఇంటర్వ్యూ. విడివిడి గదులు. ఆఫీసర్ ఫొటోలు తిప్పుతూ మచ్చ చూసి అడుగుతాడు. అతను ఆలోచించకుండా "అద్దం తలుపు" అంటాడు, ఎందుకంటే అతనికి ఇప్పుడు తెలిసింది అదే, సైకిల్ సంగతి బుర్రలోంచే పోయింది. పక్క గదిలో ఆమె, ఇద్దరం అనుకున్న జవాబే కదా అని, "సైకిల్ మీంచి పడ్డాను" అంటుంది. జవాబులు కలవలేదు. వాళ్లు అపరిచితులుగా ఉన్నప్పుడు ఇదే ప్రశ్న వస్తే కలిసేవి. దగ్గరయ్యారు కాబట్టి తప్పింది.

ఇలాంటిది ఒక్కటి మీ కథకు దొరకాలి. నా మచ్చ మీకు వద్దు, మీ పాత్రల జీవితంలోంచే తీసుకోండి. మొదట్లో ఒకరు దాచిన ఒక చిన్న వివరం, మధ్యలో ఇష్టంగా చెప్పిన నిజం, చివర్లో ఆ నిజమే ఎదురు తిరగడం. మూడు సీన్లు, మూడింటి మధ్య కనీసం ఇరవై నిమిషాల దూరం ఉండాలి, లేకపోతే ప్రేక్షకుడు ముందే పసిగడతాడు.

మీరు, నువ్వు

తెలుగులో రాస్తున్న మనకు ఇంకో ఆయుధం ఉంది, దాన్ని వాడుకోకపోతే నష్టం. ఒప్పందం రోజున ఈ ఇద్దరూ ఒకరినొకరు మీరు అనుకుంటారు. పక్కింటివాళ్ల ముందు, స్నేహితుల ముందు నటించాలి కాబట్టి నువ్వు అంటారు. తలుపు మూయగానే మళ్లీ మీరు. ఈ మారడం మొదటి అరగంటలో రెండు మూడు సార్లు స్పష్టంగా వినిపించేలా రాయండి, ఎవరితోనూ దాని గురించి మాట్లాడించకండి. ఆ తర్వాత ఒక రోజు, ఎవరూ లేనప్పుడు, ఏదో మామూలు పని మధ్యలో, "నువ్వు తిన్నావా" అని ఒకరి నోట్లోంచి వచ్చేస్తుంది. ప్రేమ ప్రకటించే సీన్ ఇక అక్కర్లేదు, నా మాట నమ్మండి. ఆ తర్వాత పెద్ద గొడవలో ఎవరైనా తిరిగి మీరు అన్నారంటే, చెంపదెబ్బ కంటే గట్టిగా తగులుతుంది.

ఇల్లు, ఫొటోలు

ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌తో ముందే కూర్చోండి, ఎందుకంటే ఈ సినిమాలో సెట్ రెండు పొరలుగా ఉంటుంది. మీ టీమ్ ఒక ఇల్లు వేస్తుంది, ఆ ఇంట్లో పాత్రలు తమ కాపురాన్ని ఒక సెట్‌లా వేసుకుంటాయి. రెండోది కొంచెం అతిగా ఉండాలి. గోడ మీద ఫొటోలన్నీ ఒకే రకం ఫ్రేముల్లో, ఒకే దూరంలో ఉంటాయి, అన్నీ ఒకేసారి కొన్నవి కాబట్టి. నిజంగా ఏళ్ల తరబడి కాపురం చేసిన ఇంట్లో ఫ్రేములు కలవవు. సినిమా నడిచే కొద్దీ ఆ వరస చెదరాలి, ఒక ఫ్రేము పగలాలి, దాని జాగాలో ఫ్రిజ్ మీద అంటించిన మామూలు ఫొటో ఒకటి రావాలి.

ఫొటోలు తీయించుకునే సీన్ కూడా వదలకండి. ఏడాది కాపురం ఒక్క మధ్యాహ్నంలో తయారవుతుంది. ఎండలో స్వెటర్ వేసుకుని చలికి వణుకుతున్నట్టు నవ్వుతారు, చొక్కాలు మారతాయి, బూట్లు మారవు. ఆ బూట్లను ఒక్కసారి క్లోజప్‌లో చూపించి వదిలేయండి. ఇంటర్వ్యూలో ఆఫీసర్ ఆల్బమ్ మీద వేలు పెట్టి బూట్ల దగ్గర ఆగినప్పుడు హాల్లో ఎవరూ ఊపిరి పీల్చరు.

ఆఫీసర్ విలన్ కాదు

ఇది గట్టిగా చెప్తున్నాను. ఆఫీసర్‌ను క్రూరుడిగా రాస్తే సినిమా చిన్నదైపోతుంది. ఆ మనిషి కుర్చీలో కూర్చుని చూడండి: ఎదురుగా ఇద్దరు చెయ్యెత్తి ప్రమాణం చేశారు, ఫైల్లో అద్దె ఒప్పందం, జాయింట్ అకౌంట్ కాగితాలు, ఇన్సూరెన్స్ కాగితాలు, స్నేహితులు రాసిచ్చిన ఉత్తరాలు ఉన్నాయి, వాటిని బట్టి రెండు మనసుల్లో ఒకప్పుడు ఏముందో తేల్చాలి. ఎవరు చేయగలరు ఈ పని? తప్పు చేస్తే నిజమైన జంట విడిపోతుంది. ఆ భారం ఒక్క సీన్‌లో కనిపించినా చాలు, ప్రేక్షకుడు ఆఫీసర్ అడిగే ప్రతి ప్రశ్ననూ వేరేలా వింటాడు.

వెయిటింగ్ హాల్లో ఒక నిజమైన జంటను కూర్చోబెట్టండి. పెళ్లయి మూడేళ్లు, టెన్షన్‌తో భర్తకు పెళ్లి తేదీ గుర్తు రావడం లేదు, భార్య మొహం మాడ్చుకుంది. మన జంట నోట్‌బుక్ మూసి వాళ్లనే చూస్తుంది. ఒక్క నిమిషం సీన్, కానీ నిజానికీ రుజువుకీ మధ్య ఎంత దూరం ఉందో ఎవరూ నోరు తెరవకుండానే అర్థమైపోతుంది. దుభాషిని కూడా మరిచిపోకండి. మాట తడబడినప్పుడు అది చెప్పినవాడిదో అనువదించినవాడిదో తెలియని ఆ రెండు సెకన్లు సినిమాకు చాలా విలువైనవి.

చీకటి వైపు కూడా చూడండి

అందరు జంటలూ ప్రేమలో పడరు. దార్డెన్ సోదరులు 2008లో తీసిన 'లోర్నాస్ సైలెన్స్'లో అల్బేనియా నుంచి వచ్చిన అమ్మాయికి బెల్జియం పౌరసత్వం కోసం మత్తుమందులకు బానిసైన కుర్రాడితో పెళ్లి చేస్తారు, పని అయ్యాక అతన్ని వదిలించుకోవాలన్నది వెనకున్న ముఠా ప్లాన్. ఆ సినిమాకు కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ స్క్రీన్‌ప్లే అవార్డు వచ్చింది. చూస్తే అర్థమవుతుంది, కాగితం కోసం ఒక మనిషిని వాడుకోవడం ఎంత దూరం పోగలదో.

అమెరికా చట్టంలో కూడా ఆ చీకటి ఉంది. కొట్టి హింసించే భర్త లేదా భార్య చేతిలో ఉన్నవాళ్లు సొంతంగా పిటిషన్ పెట్టుకునే వీలు 1994 చట్టంతో వచ్చింది, చాలామందిని అది కాపాడింది. కానీ దానికి పెళ్లి నిజమైన ఉద్దేశంతో జరిగి ఉండాలి. పేపర్ల కోసం చేసుకున్నవాళ్లకు ఆ తలుపు కూడా మూసే ఉంటుంది. "ఒక్క ఫోన్ చేస్తే చాలు" అని రోజూ బెదిరించే మనిషితో ఒకే ఇంట్లో ఉండడం ఎలా ఉంటుందో మీ కథలో కనీసం ఒక పాత్రకు జరగనివ్వండి, హీరో హీరోయిన్లకు కాకపోయినా.

పౌరుల వైపు కూడా ఉచ్చు ఉంది. వచ్చిన మనిషికి డబ్బుపరంగా నాదీ పూచీ అని స్పాన్సర్‌గా సంతకం పెట్టే ఐ-864 ఫారం విడాకులతో తీరిపోదు. వచ్చిన మనిషి పౌరసత్వం తీసుకునేదాకానో, సుమారు పదేళ్ల పనికి సమానమైన 40 క్వార్టర్లు లెక్కలోకి వచ్చేదాకానో, దేశం వదిలి శాశ్వతంగా వెళ్లేదాకానో, ఇద్దరిలో ఒకరు చనిపోయేదాకానో ఆ బాధ్యత ఉంటుంది. తేలికగా రెండేళ్ల పని అనుకుని ఒప్పుకున్న అమ్మాయికి ఈ సంగతి లాయర్ చెప్పే సీన్ రాసుకోండి, ఆమె పెన్ను అక్కడే ఆగుతుంది.

చుట్టూ ఉన్నవాళ్ల గురించి ఎక్కువ చెప్పను. ఒక తల్లి గానీ తండ్రి గానీ ఈ పెళ్లి నిజమని నమ్మాలి, అంతే. ఆంగ్ లీ 'ది వెడ్డింగ్ బాంక్వెట్' 1993లో దీన్ని ఎంత దూరం తీసుకెళ్లాడో చూడండి, ఆఫీసర్ కంటే నమ్మిన తల్లిదండ్రులే అక్కడ పెద్ద పరీక్ష.

ముగింపు ఎక్కడ పెట్టాలి

విమానాశ్రయంలో పరుగెత్తించకండి. ఆఫీసర్ కరిగిపోయి ఫైలు మూసేయడం కూడా వద్దు. నాకు సరిపోయిన చోటు ఐ-751 సంతకం. రెండేళ్లు కావస్తున్నాయి, 90 రోజుల కిటికీ తెరుచుకుంది, బల్ల అదే, పెన్సిల్ జాగాలో పెన్ను. ఆ ఫారంలో సంతకం పెట్టేవాళ్లు ఒక మాట ఒప్పుకోవాలి, ఈ పెళ్లి ఇమ్మిగ్రేషన్ ప్రయోజనం కోసం చేసుకున్నది కాదని. వాళ్లిద్దరూ ఇప్పుడు నిజమైన భార్యాభర్తలు. ఆ వాక్యం మాత్రం ఇప్పటికీ అబద్ధం. ఎవరు ముందు పెన్ను పట్టుకుంటారు, ఎవరు ఆగుతారు, పాప పక్క గదిలోంచి ఏం అడుగుతుంది, ఇదే క్లైమాక్స్. సంతకం పెట్టారా లేదా అన్నది మీ ఇష్టం, నేను పెట్టించలేదు. ఆమె ఫారం మడిచి, "ఆ రోజు గురించి నువ్వు ఏమనుకున్నావో ఇంతవరకూ అడగలేదు" అంటుంది, అతను మొదటిసారి ఆ రోజు గురించి నిజం చెప్పడం మొదలుపెడతాడు.

షూటింగ్‌కు ముందు రెండు పనులు

మొదటిది, స్క్రిప్టును ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో చదివించండి, ఫీజు ఇచ్చి మరీ. రూల్స్ మారుతుంటాయి, మీరు చదివింది మీ కథ జరిగే సంవత్సరానిదో కాదో వాళ్లే చెప్పగలరు. ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు తీర్పులు ఎవరైనా చదవొచ్చు, వాటిలో ఏ జంట మీద అనుమానం ఎక్కడ మొదలైందో వివరంగా ఉంటుంది, ఏ స్క్రీన్‌ప్లే పుస్తకంలోనూ దొరకని సరుకు అది. ఆ వివరాల్ని మనుషుల కోసం వాడండి. చూసినవాడు మోసం ఎలా చేయాలో నేర్చుకుని బయటికి వెళ్లే సినిమా తీయకండి, నిజంగా పెళ్లి చేసుకుని ఆ గదుల్లో వణుకుతూ కూర్చునే జంటల మీద అనుమానం ఇంకా పెరుగుతుంది.

రెండోది, నటీనటుల్ని ఎంపిక చేశాక ఇద్దరికీ విడివిడిగా ఒక నలభై ప్రశ్నల కాగితం ఇవ్వండి, పాత్రల గురించి. మంచం ఏ వైపు, చివరిసారి ఎందుకు గొడవ పడ్డారు, ఎదుటి మనిషి భయపడేది దేనికి. మాట్లాడుకోకుండా రాయమనండి. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని జవాబులు కలవని చోట్లన్నీ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. మాకు పదకొండు వచ్చాయి. అందులో నాలుగు నేరుగా ఇంటర్వ్యూ సీన్‌లోకి వెళ్లాయి, ఒకటి పోస్టర్ మీదకు వెళ్లింది.